నికరం అరగంట

మాత్ర మింగిన మొదటి అరగంట లెక్కలోకి రాదు, అది తరుగు, బస్తా తూకంలోంచి గోనెసంచి బరువు తీసేసినట్టు దాన్ని ముందే తీసెయ్యాలి. చివరి గంటని కూడా సగానికే కట్టాలి, అప్పటికి మందు ఒంట్లో ఉన్నా మనిషి ఊరుకోడు, వస్తుందేమో వస్తుందేమో అని నొప్పికి తనే ఎదురెళ్తుంటాడు. పెట్టె మీద ఏం రాసుకున్నా నా కొట్టుకి వచ్చినవాళ్ళకి నేను చెప్పే లెక్క ఇదే. పారాసిటమాల్ నాలుగు గంటలు, ఒంటికి పడితే ఆరు. ఐబుప్రొఫెన్ ఆరు, పడితే ఎనిమిది. అందులోంచి తరుగు తీసి నికరం చెప్పేవాణ్ణి. నికరం చెప్తాడనే కృష్ణానగర్ ఫైటర్లూ డాన్సర్లూ లైట్లు మోసేవాళ్ళూ రెండు మెడికల్ షాపులు దాటుకుని నా దగ్గరికి వచ్చేవాళ్ళు. ఈ మధ్యాహ్నం జ్యోతికి నా చేత్తో నేనిచ్చిన మాత్రలు రెండు గంటలు కూడా నిలబడలేదు. సరుకులో లోపం లేదు, నా కొట్టులోదే, తేదీ చూసి తెచ్చిందే. మాత్ర బలం మాత్రకి ఉంది. నొప్పే పెరిగింది. తూకపు రాయి అదే, బస్తా బరువెక్కింది.

నేను కూర్చున్నది ఫిల్మ్‌నగర్ ఎత్తులో ఒక డబ్బింగ్ థియేటర్ వసారాలో, సిమెంటు బెంచీ మీద. ఎదురుగా మందపాటి తలుపు, దాని పైన ఎర్ర బల్బు. ఆ బల్బు వెలుగుతున్నంతసేపు లోపల టేకు నడుస్తున్నట్టు, తలుపు ఎవరూ ముట్టుకోకూడదు, సినిమా తీసే నిర్మాత అయినా సరే. లోపల మైకు ముందు నా భార్య అరుణజ్యోతి నిలబడి ఉంది, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, తెరమీద ఎవరో అమ్మాయి పెదాలు కదిలినప్పుడల్లా ఆ పెదాలకి మాట పెడుతూ. పాతికేళ్ళుగా అదే ఆమె పని. ఎల్లుండి ఆమె నాలుక తీసేస్తారు. రేపు పొద్దున ఆసుపత్రిలో చేరాలి. సగం తీస్తారో మొత్తం తీస్తారో కోస్తే గాని తెలియదన్నాడు డాక్టరు, మెడ కింద గడ్డలు నా వేళ్ళతోనే తడిమించి, తీసినా ఎన్నాళ్ళో చెప్పలేనండీ అన్నాడు. చెప్పలేను అన్న మాటకి బజారులో ఏం అర్థమో నాకు తెలుసు. ఆ మాట నేనూ ఎంతోమందికి చెప్పాను, సరుకు ఇక రాదని తెలిసినప్పుడు.

కాబట్టి ఈ రోజు లెక్క ఇది. ఆపరేషన్‌లో రక్తం ఆగదని ఐబుప్రొఫెన్ జాతి మాత్రలన్నీ డాక్టరు వారం ముందే మాన్పించాడు. చీటీ మీద రాసిచ్చిన గట్టి మందు ఉంది, అది వేసుకుంటే నొప్పితో పాటు మనిషీ పోతుంది, కళ్ళు మూతలు పడతాయి, నాలుక తడబడుతుంది, దాంతో మైకు ముందు నిలబడడం కుదరదు. మిగిలింది పారాసిటమాల్. రోజుకి నాలుగు సార్లే, సారికీ సారికీ నడుమ నాలుగు గంటలు, మించితే లివర్ దెబ్బతింటుంది. ఒకటి తెల్లవారుజామున ఏడుస్తూ లేచినప్పుడు అయిపోయింది, ఒకటి పొద్దున పాలతో, మూడోది ఇక్కడికి రాగానే ఒంటిగంటన్నరకి. నాలుగోది నా చొక్కా జేబులో ఉంది, స్ట్రిప్పులోంచి కత్తిరించిన రెండు మాత్రలు. ఐదున్నర దాటితే ఇవ్వొచ్చు. దాన్ని నేను ఈ సినిమా కోసం ఉంచలేదు, ఇంటికోసం ఉంచాను. మా స్ఫూర్తి మాదాపూర్‌లో కాల్ సెంటర్‌లో చేస్తుంది, రాత్రంతా అమెరికావాళ్ళ ఫోన్లు. ఆరున్నరకి గల్లీ మొదట్లోకి క్యాబ్ వస్తుంది. సెలవు రేపట్నుంచే దొరికింది. జ్యోతి ఐదున్నరకి బయటికొచ్చి, ఈ బెంచీ మీదే మాత్ర వేసుకుని, ఆటోలో కృష్ణానగర్ దిగేసరికి మందు పట్టాలి. క్యాబ్ హారన్ కొట్టేదాకా తల్లీ కూతుళ్ళకి అరగంట. రేపు పొద్దున్నుంచి అంతా నర్సులూ సూదులూ గొట్టాలూ, అక్కడ నోరు తెరిస్తే అది జవాబు అవుతుంది గాని మాట అవదు. అన్ని తరుగులూ తీసేస్తే జ్యోతి నోటికి మిగిలిన నికరం ఆ అరగంట. ఇప్పుడు ఐదు దాటింది.

ఎక్కడో పైన బండ పగలగొడుతున్నారు. ఈ కొండ మీద ఏదో ఒక బండ ఎప్పుడూ పగులుతూనే ఉంటుంది, ఒకప్పుడు హీరోల ఇళ్ళ కోసం, ఇప్పుడు సాఫ్ట్‌వేర్ కంపెనీల యజమానుల ఇళ్ళ కోసం. ఆ డ్రిల్లింగ్ చప్పుడు మైకులోకి రాకూడదని థియేటర్‌వాళ్ళు మనిషిని పంపించి జర ఆపండని బతిమాలుకుంటారు, వాళ్ళు ఆపుతారు, మళ్ళీ మొదలుపెడతారు. నొప్పి కూడా అంతే, బతిమాలితే ఆగుతుంది. మా నాన్నది కిరాణా కొట్టు. ఉప్పూ పప్పూ కొనే చేత్తోనే జనం తలనొప్పి గోలి అడగడం చూసి, ఉప్పు కన్నా గోలి తొందరగా అయిపోతుందని లెక్కగట్టి, నేను దాన్ని మెడికల్ షాపు చేశాను. నా లెక్క తప్పలేదు. ఒక్కో గల్లీది ఒక్కో నొప్పి. ఫైటర్లది నడుము, డాన్సర్లది మోకాలు, లైట్లు మోసేవాళ్ళది భుజం, రోజంతా విగ్గు పెట్టుకుని ఎండలో నిలబడే జూనియర్ ఆర్టిస్టులది తల. తర్వాత మాదాపూర్ కట్టారు, మెడలు మొదలయ్యాయి. మెడలో కంపెనీ కార్డు వేలాడేసుకున్న పిల్లలు వచ్చి, అంకుల్, షిఫ్టు అయ్యేదాకా నిలబడేది ఇవ్వండి అనేవాళ్ళు. అందరూ అదే అడుగుతారు, ఎంతసేపు ఉంటది సేఠ్ అని. నొప్పి ఎందుకొచ్చిందని అడిగినవాడు ఇన్నేళ్ళలో ఒక్కడూ లేడు. లక్ష్మయ్య అనే ఒక ఫైటర్ ఉండేవాడు, గాజు అద్దాలు పగలగొట్టుకుని దూకడంలో పేరు, ఒకరోజు గల్లా మీద మోచెయ్యి ఆనించి, "సేఠ్, హీరో లేటొస్తే గోలి గూడ లేటుగ పన్జేసేటట్టు ఏమన్న ఉన్నదా?" అన్నాడు. షాట్ రెడీ అన్నారని మాత్ర మింగి కూర్చుంటే హీరో వచ్చేసరికి మందు దిగిపోయిందట, దిగిపోయాకే దూకాడట. ఆ రోజు ఇద్దరం నవ్వుకున్నాం. ఈ రోజు అదే గోలి అడుగుదామంటే కంపెనీ ఏదీ తయారు చెయ్యలేదు.

బల్బు ఆరింది, మళ్ళీ వెలిగింది. టేకు పోయి ఉంటుంది. జ్యోతికి టేకులు పోయేవి కావు. హీరోయిన్లందరూ ఉత్తరాది పిల్లలు, తెలుగు రాదు. షూటింగ్‌లో డైలాగు నోరు తిరక్క కొందరు ఒకటి రెండు మూడు నాలుగు అని అంకెలు చెప్పేసేవాళ్ళు, ఏడుస్తూ కూడా అంకెలే. ఆ అంకెల మీద మాట అతికించాలి, పెదాలు మూసుకున్నచోట మ గాని ప గాని పడేటట్టు, నోరు తెరిచినచోట ఆ పడేటట్టు. జ్యోతి ఒక్కసారి చూసి అతికించేసేది. ఇంటికొచ్చి, "ఇయ్యాల పోరి అరవై దాక లెక్కబెట్టి సచ్చిపోయింది. అరవై అంకెలల్ల ప్రేమ, పెండ్లి, చావు అన్నీ సర్దిన," అనేది. ఆమె రహమత్ నగర్ పిల్ల. కొట్టు ఇంకా కిరాణాగా ఉన్నప్పుడు మొదట వచ్చింది, మిరియాలూ పటికబెల్లం కోసం, గొంతుకి. బేరం ఆడేది, అందరిలాగానే, జర ఎక్కువెయ్యి సేఠ్ అని. నేను వెయ్యలేదు. ఒకరోజు ఉన్నట్టుండి కళ్ళు చక్రాల్లా తిప్పి, "ఏవండీ, ఇంత చిన్న మనసైతే ఎలాగండీ?" అంది. కొట్టులో జనం అందరూ వెనక్కి తిరిగి చూశారు, సినిమా తెర దిగి ఎవరో వచ్చారనుకున్నారు. నా చెయ్యి తెలియకుండానే డబ్బాలోకి వెళ్ళింది, గుప్పెడు ఎక్కువ పడింది. నా వ్యాపారంలో తూకం తప్పింది ఆ ఒక్కసారే, దాన్ని ఇప్పటికీ నష్టంలో రాయలేదు.

ఆ గొంతు అద్దెది అని ఆమే అనేది. మొదట్లో ఒక డైరెక్టరు, నీ యాస ఇంటి దగ్గర పెట్టి రామ్మా అన్నాడట. తాళమేసి వచ్చిన సార్ అందట. నిజంగానే తాళం వేసేది. పొద్దున చెప్పులేసుకునేటప్పుడే ఆమె మాట మారిపోయేది, ఆటోవాడితో కూడా వస్తారా వెళ్తారా అనేది. సాయంత్రం గడప దాటగానే కొంగు విదిలించి, "అబ్బ, నోరు గుంజుతుంది రా నాయన," అని మంచం మీద పడేది, ఇక అప్పట్నుంచీ ఏందీ గిట్లనీ గట్లనీ. తెలంగాణ అంతా చూసిన సినిమాల్లో ఆమె గొంతు ఉంది, అందులో ఆమె మాట ఒక్కటీ లేదు. కూతురిదీ అదే వరస. స్ఫూర్తి రాత్రిపూట సూజన్ అయిపోతుంది, ఎక్కడో ఒహాయోలో ముసలావిడకి మిక్సీ పాడైతే సారీ చెప్తుంది. తల్లి ఇంకొకరి నోటికి మాట, బిడ్డ ఇంకొకరి పేరుకి మాట, ఇంట్లో మాట్లాడుకునేది అన్నం దగ్గరే. నిద్ర లేచి ఉరుకులు పరుగులుగా తయారయ్యే పిల్లని గడప దగ్గర ఆపి, "ఒక్క ముద్ద తినిపో బిడ్డా, కడుపు మాడ్సుకోకు," అంటుంది జ్యోతి. రోజూ ఒకే మాట. రోజూ ఆ పిల్ల, "లేటయితుందే అమ్మా," అంటుంది, అంటూనే నోరు తెరుస్తుంది.

మొదట అందరం పన్ను అనుకున్నాం. వెనక పన్ను అంచు నాలుక పక్కకి ఒరుసుకుంటుంది, పుండు పడింది, మాట్లాడే పని కదా మానడం లేదు అనుకున్నాం. పన్ను అరగదీయించాం. మాట్లాడితే మండుతుంది, కాబట్టి థియేటర్‌కి వెళ్ళే ముందు ఒక మాత్ర. మధ్యాహ్నానికి దిగుతుంది, కాబట్టి ఇంకొకటి. మెడికల్ షాపు ఉన్న ఇంట్లో నొప్పికి పేరు పెట్టరు, మాత్ర పెడతారు. మాత్ర వేసుకుంటే నొప్పి పోతుంది, నొప్పి పోతే రోగం లేదు. అరలో చెయ్యి పెట్టడం, చించడం, మింగడం, వెళ్ళడం. ఎనిమిది గంటలు నిలబడిన మాత్ర ఆరుకొచ్చింది, ఆరు నాలుగుకొచ్చింది. నాలుగుకొచ్చిన రోజు ఆమె అద్దం ముందు నిలబడి మెడ తడుముకుంటూ, "ఇగో, గిదేంది?" అంది. ఆ తర్వాత జరిగినవన్నీ తొందరగా జరిగాయి. ముక్క కోసి పంపడం, కాగితం రావడం, డాక్టరు కుర్చీ దగ్గరికి లాక్కోవడం. ఇన్నేళ్ళు ఒకటే ప్రశ్నకి జవాబు చెప్పినవాణ్ణి, ఎంతసేపు ఉంటది. ఆ ప్రశ్న డాక్టర్ని నేను అడిగితే, చెప్పలేను అన్నాడు.

వసారా ఊడుస్తూ అంతోనమ్మ వచ్చింది. థియేటర్ కట్టినప్పట్నుంచీ ఇక్కడే పని, ఏలూరు వైపు మనిషి. చీపురు పక్కన పడేసి మెట్టు మీద కూలబడి మోకాళ్ళు ఒత్తుకుంది. "మీరిచ్చిన మాత్ర బానే ఉందండి నర్సయ్యగారూ. ఆదివారం మోకరించేదాకా ఉంటంది. లేచేటప్పటికి ఉండట్లేదు."

"ప్రార్థన జర చిన్నగ చేస్కో అమ్మా."

"ఆ మాట మా పాస్టరుగారితో చెప్పండి," అని నవ్వి, నవ్వు ఆపేసి, తలుపు వైపు చూసింది. "జ్యోతమ్మ పేరు కూడా రాయించానండి ప్రార్థనలో. దేవుడు వినకపోడు." నేను తలూపాను. దేవుడు వింటాడేమో గాని, ఆయన మాత్ర ఎంతసేపటికి పడుతుందో ఎవరూ చెప్పలేదు. ఐదున్నర అయింది. నా చెయ్యి జేబు మీదికి వెళ్ళింది. మాత్రలు ఉన్నాయి. చొక్కా గుడ్డలోంచి రెండు గింజల్లా తగులుతున్నాయి.

బల్బు ఆరింది. తలుపు తీసుకుని బెన్సన్ వచ్చాడు, అసిస్టెంట్ డైరెక్టరు, డబ్బింగ్ అంతా చూసుకునేది అతనే. కుర్రవాడు, మనిషి మంచివాడు, జ్యోతిని అక్కా అంటాడు. నేను లేచి నిలబడ్డాను. "అయిపోయిందా?"

"ఒక్క సీను అన్నయ్యా. గేటు దగ్గర సీను. మిగతావన్నీ అయిపోయినట్టే."

"సరే, గోలి ఇస్త. ఏసుకుని అరగంట కూసోనియ్యి, తర్వాత చెప్తది."

"ఆరింటికి థియేటర్ ఇంకో సినిమావాళ్ళది అన్నయ్యా. వాళ్ళ మనుషులు కింద దిగిపోయారు కూడా. రేపు అక్క ఉండదు, ఆ ఒక్క సీనుకి వేరే గొంతు పెడితే అతకదు. పెడితే మొత్తం సినిమా ఆ వేరే అమ్మాయితోనే మళ్ళీ చెప్పించాలి." వాచీ చూసుకున్నాడు. "అక్క ఇప్పుడే చెప్పేస్తానంటోంది. మాత్ర లేకుండా. మింగితే పుండు రేగి కాసేపు మాట రాదట."

నాకు కోపం కాళ్ళలోంచి వచ్చింది. "నొప్పితోని చెప్పిస్తరా? ఏడ్సే సీను గదా, కలిసొచ్చిందనుకున్నరా మీరంత?"

"అన్నయ్యా, డైరెక్టరుగారు వద్దనే అన్నారు. మొత్తం వేరే అమ్మాయితోనే చెప్పిద్దాం అని కూడా అన్నారు. ఆవిడే వినలేదు." బెన్సన్ నా చొక్కా జేబు వైపు చూశాడు, మళ్ళీ చూపు తిప్పుకున్నాడు. "మీకు ఒకటే చెప్పమంది. గోలి ఇంటికి ఉంచుమను, అంది. అంతే చెప్పమంది."

అతను లోపలికి వెళ్ళాడు. బల్బు వెలిగింది. నేను నిలబడే ఉన్నాను. అంటే నేను వేసిన తూకమే ఆమె కూడా వేసింది, నాకు చెప్పకుండా, మైకు ముందు నిలబడి, ఎవరి పెదాలో చూస్తూ. సినిమా నొప్పితో అయిపోనీ, మాత్ర కూతురికి. బేరం బాగానే ఉంది, పైకి చూస్తే. కాని ఒకటి ఆమెకి తెలియదు, నాకు తెలుసు, నేను గల్లా దగ్గర కూర్చుని రోజూ చెప్పేది అదే. మాత్ర నొప్పి కంటే ముందు నడవాలి. నొప్పి ముందుపడితే మాత్ర దాని వెనకే పరిగెడుతుంది, అందుకోలేదు. ఇంకొక అరగంట ఈ నొప్పిని విచ్చలవిడిగా పోనిస్తే, ఆ తర్వాత వేసుకున్నది తరుగు కిందే పోతుంది, అరగంట కాదు, మొత్తం. ఆమె దాచుకుంటున్నది చేతికి వచ్చేసరికి తాలు అయిపోతుంది. చెప్పాలి. తలుపు దగ్గరికి వెళ్ళి పిడి మీద చెయ్యి వేశాను. ఇత్తడి పిడి, ఏసీ చల్లదనం బయటిదాకా వచ్చి చల్లగా ఉంది. వెనకనుంచి అంతోనమ్మ మెల్లగా, "బల్బు వెలుగుతోంది బాబూ," అంది. నాకు తెలుసు. తలుపు తీస్తే టేకు పోతుంది, టేకు పోతే ఆరు అవుతుంది, ఆరు అయితే ఆమె చెప్పినదంతా చెరిపేసి ఇంకొక పిల్ల మొదట్నుంచీ చెప్తుంది, ఈ నెలంతా ఆమె పుండు మీద పుండుగా చెప్పిన మాటలన్నీ గాలికి పోతాయి. తియ్యకపోతే ఇంట్లో అరగంట పోతుంది. రెండు పళ్ళేలూ చూశాను. వ్యాపారంలో ఇలాంటప్పుడు తక్కువ నష్టం వైపు మొగ్గుతాం. తక్కువ నష్టం ఎటు ఉందో ఎంతసేపు చూసినా కనపడలేదు. రెండిట్లోనూ ఉన్నది ఆమె గొంతే. పిడి వదిలేసి వచ్చి బెంచీ మీద కూర్చున్నాను.

షూటింగు అయిపోతే గుమ్మడికాయ కొడతారు, దిష్టి తీస్తారు, అందరూ చప్పట్లు కొడతారు. డబ్బింగుకి అలాంటిదేమీ లేదు, బల్బు ఆరిపోతుంది, అంతే. ఆరింది. మళ్ళీ వెలిగింది. ఎవరో ఇద్దరు కొత్తవాళ్ళు మెట్లెక్కి వచ్చి వాచీలు చూసుకుంటూ నిలబడ్డారు, తర్వాతి సినిమావాళ్ళు కాబోలు, వాళ్ళలో ఒకడు జేబులోంచి మాత్ర తీసి నీళ్ళు లేకుండా మింగాడు. ఎంతసేపటికి పడుతుందో నేను చెప్పగలను అతనికి. ఆరింది. వెలిగింది. బండ పగలడం ఆగింది, కూలీలు దిగిపోయినట్టున్నారు. ఎదురుగా లోయలో మాదాపూర్ అద్దాల మేడలు ఎండ పడి మెరుస్తున్నాయి, అటునుంచే వస్తుంది క్యాబ్, ఇప్పటికి బయల్దేరి ఉంటుంది. స్ఫూర్తి తల దువ్వుకుంటూ గడప వైపు చూస్తూ ఉంటుంది. ఆరింది. ఈసారి వెలగలేదు.

జ్యోతి బయటికి వచ్చింది. నడిచే వచ్చింది, బెన్సన్ చెయ్యి పట్టుకోబోతే వద్దంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముఖం సున్నం కొట్టిన గోడలా ఉంది, కళ్ళు మాత్రం నన్ను వెతుక్కుంటూ వచ్చాయి. పక్కన కూర్చుని కొంగు తీసి నోరు తెరిచింది, చిన్నపిల్ల తెరిచినట్టు. రెండు మాత్రలూ లోపల పెట్టి నీళ్ళు పట్టాను. సగం నీళ్ళు గడ్డం మీదుగా కారాయి, ఎర్రగా. మింగింది. మింగేటప్పుడు నా చూపుడువేలు పట్టుకుంది, వదల్లేదు. ఆటో మాట్లాడనా అన్నాను. చెయ్యెత్తి ఆగమంది. ఈ దిగుడు రోడ్డు గుంతల్లో ఆటో ఎగిరితే తట్టుకోలేదు. ఆరు దాటి పదిహేను నిమిషాలు. ఇద్దరం తలుపు వైపు చూస్తూ కూర్చున్నాం. కొత్తవాళ్ళు సామాను లోపలికి చేరవేస్తున్నారు, తలుపు బార్లా తెరిచే ఉంది. లోపల చివరిసారి సీను వేసి చూసుకుంటున్నట్టున్నారు. చీకట్లోంచి గొంతు వచ్చింది.

"వెళ్తే వెళ్ళు. నేను ఆపను. అన్నం చల్లారిపోతోంది. ఒక్క ముద్ద తినేసి వెళ్ళు."

అంత నెమ్మదిగా ఆమె ఏ సినిమాలోనూ చెప్పలేదు. ఒక్కో మాటా వేడి గిన్నె దించినట్టు దించింది. బెన్సన్ గోడకి ఆనుకుని కళ్ళు తుడుచుకున్నాడు. గొంతు అక్కడ ఉంది, నోరు మూసుకుని ఆమె ఇక్కడ నా పక్కన ఉంది. అంతోనమ్మ చీపురు ఎత్తబోయి ఆగిపోయింది.

నా సెల్ మోగింది. స్ఫూర్తి. "డాడీ, ఎక్కడున్నరు? క్యాబ్ ముందే వచ్చింది, డ్రైవర్ లొల్లి పెడ్తుండు. ఇంకిద్దర్ని ఎక్కించుకోవాల్నంట."

"వస్తున్నం బిడ్డా. జర ఆపు."

"ఆపిన డాడీ, ఆపుతనే ఉన్న. ఎంతసేపట్ల వస్తరు?"

ఎంతసేపు. నేను వాచీ చూశాను, దారి చూశాను, జ్యోతి ముఖం చూశాను. లోపల సీను మళ్ళీ వేశారు. నేనేం చేస్తున్నానో తెలియకుండానే ఫోను తలుపు వైపు తిప్పి పట్టుకున్నాను. ఒక్క ముద్ద తినేసి వెళ్ళు, అంది గొంతు. తర్వాత స్ఫూర్తి, "గది సినిమా గొంతు డాడీ," అంది. "అమ్మకియ్యి."

ఫోను జ్యోతి చెవికి ఆనించి, నా తల కూడా దగ్గరికి పెట్టాను. పెదాలు విప్పబోయింది. దవడ కదలగానే కళ్ళు మూసుకుపోయాయి, ఊపిరి ఒక్కటే వచ్చింది. నా వేలు విరిగిపోతుందేమో అనిపించింది. మాత్ర మింగి పావుగంట. పట్టాల్సింది ఇంకా పావుగంటకి. పట్టదు. నొప్పి ఎప్పుడో ముందుపడింది, ఆ సంగతి ఈ బెంచీ మీద తెలిసింది నాకొక్కడికే అనుకున్నాను. కళ్ళు తెరిచి నా వైపు చూసింది. ఆమెకీ తెలుసు.

"అమ్మా? ఇంటున్నవా? గోలి ఏసుకున్నవా? పన్జేస్తుందా?" వెనకనుంచి హారన్ రెండుసార్లు వినబడింది. "జర నయముందానే అమ్మా?"

జ్యోతి తలూపింది. గట్టిగా, రెండుసార్లు, కూతురు ఎదురుగా నిలబడి ఉన్నట్టే. ఫోనులో తల ఊపితే వినబడదు. చెవి దగ్గర్నుంచి ఫోను తీసుకుని, ఆమె పెదాల వైపే చూస్తూ, "పన్జేస్తుందంట బిడ్డా," అన్నాను. "నయముందంట. ఒక్క ముద్ద తినిపొమ్మంటుంది."